మందుకు లొంగని బ్యాక్టీరియా ముందు చేరేది కూలీ చేతికే

సంక్షిప్తంగా: కోళ్లకు, పశువులకు, చేపలకు వాడే యాంటీబయాటిక్‌ల మీద చర్చ వచ్చినప్పుడల్లా అది వంటగది గడప దగ్గరే ఆగుతోంది. మాంసంలో, గుడ్డులో, పాలలో మందు మిగిలిందా లేదా అన్నదే ప్రశ్నవుతోంది. మందుకు లొంగని బ్యాక్టీరియా మాత్రం పళ్లెంలోకి రావడానికి చాలా ముందే ఎరువెత్తే చేతులకు, పాలు పితికే వేళ్లకు, చెరువులో దిగే కాళ్లకు అంటుకుంటుంది. కోళ్ల ఫారాలు, గేదెల పాకలు, చేపల చెరువులు, తాగునీటి కాలువలు పక్కపక్కనే ఉండే గోదావరి డెల్టాలో ఆ దారులు ఎలా ఏర్పడ్డాయి, వాటిలో వేటిని మూయడం సాధ్యం అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కలగలిసిపోయిన భయాలు

2025 ఫిబ్రవరిలో తూర్పు గోదావరి జిల్లా పెరవలి మండలం కానూరులోనూ, పశ్చిమ గోదావరి జిల్లా తణుకు మండలం వేల్పూరులోనూ కోళ్లకు బర్డ్ ఫ్లూ సోకినట్టు భోపాల్ ప్రయోగశాల నిర్ధారించింది. చికెన్ దుకాణాలు వెలవెలబోయాయి. అలాంటి రోజుల్లో రకరకాల భయాలు ఒకటైపోతాయి. కోడిని తింటే ఫ్లూ వస్తుందని కొందరు, కోళ్లకు పట్టించిన యాంటీబయాటిక్‌లు మన ఒంట్లో చేరతాయని కొందరు, ఇక మనకు ఏ మందూ పనిచేయదని ఇంకొందరు. ఇవి మూడూ వేరు వేరు సంగతులు. బర్డ్ ఫ్లూ వైరస్ వల్ల వస్తుంది, దాని మీద యాంటీబయాటిక్ పనిచేయదు. మిగతా రెండూ యాంటీబయాటిక్‌ల చుట్టూ తిరిగేవే అయినా, వాటి మధ్య తేడా తెలియకపోతే జాగ్రత్త ఎక్కడ పడాలో తెలియదు.

మొదటిది మందు అవశేషం. పశువుకు మందు ఇచ్చాక అది ఒంట్లోంచి పోవడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ గడువు తీరకముందే కోడిని కోసినా, పాలు కేంద్రానికి పోసినా కొంత మందు ఆహారంలో మిగిలిపోతుంది. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2014లో రాజధాని ప్రాంతం నుంచి 70 కోడిమాంసం నమూనాలు తెచ్చి పరీక్షిస్తే 40 శాతం నమూనాల్లో అవశేషాలు కనిపించాయి.

రెండోది, ఇక్కడ అసలు విషయం, మందుకు లొంగని బ్యాక్టీరియా. ఇది ప్రాణమున్న జీవి. కోడి పేగులో, గేదె పొదుగులో, చెరువు నీటిలో పెరుగుతుంది, తన సంతానానికి ఆ మొండితనాన్ని ఇస్తుంది, పక్క బ్యాక్టీరియాకూ పంచుతుంది. అవశేషం కొంత ఉడికినా పోకపోవచ్చు గానీ బ్యాక్టీరియా బాగా ఉడికితే చచ్చిపోతుంది. కోడికూర ముక్క మెత్తబడేదాకా ఉడికించి, పాలు పొంగించి తాగే ఇళ్లలో తిండి ద్వారా వచ్చే ముప్పు తక్కువే. పచ్చిమాంసం కడిగే చేతులకు, మాంసం కొట్టే మొద్దు దగ్గర నిలబడేవారికి ముప్పు ఇంకాస్త ఎక్కువ. రోజంతా బతికున్న కోళ్ల మధ్య, వాటి రెట్ట మధ్య పనిచేసేవారికి ఇంకా ఎక్కువ. ఇంత స్పష్టంగా ఉన్న ఈ వరుసను చర్చలు తిరగేసి చూస్తున్నాయి. తినేవారి గురించి ఇన్ని మాటలు వినిపిస్తాయి, పెంచేవారి గురించి మాట రాదు.

మొండితనం ఎక్కడ పుడుతుంది

వరిచేలో ఏళ్ల తరబడి ఒకే కలుపు మందు కొడుతూ పోతే ఊద ఎందుకు మిగులుతుందో డెల్టా రైతుకు చెప్పక్కర్లేదు. మందుకు చచ్చే మొక్కలు చస్తాయి, తట్టుకునే నాలుగు మొక్కలు గింజ కడతాయి, మూడు నాలుగు పంటలు తిరిగేసరికి చేను వాటిదే అవుతుంది. బ్యాక్టీరియాలోనూ జరిగేది ఇదే. కాకపోతే వరిచేలో పంటలు పట్టేది పేగులో రోజుల్లో అయిపోతుంది, ఎందుకంటే అనువైన చోట ఈ-కోలై లాంటి బ్యాక్టీరియా 20 నిమిషాలకోసారి రెట్టింపవగలదు.

బ్యాక్టీరియా మందును తట్టుకునే పద్ధతులు కొన్నే. మందు అణువును ముక్కలు చేసే ఎంజైమును తయారుచేసుకోవడం ఒకటి. పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ జాతి మందులు ఎక్కువగా ఇలాగే ఓడిపోతున్నాయి. లోపలికి వచ్చిన మందును వచ్చినట్టే బయటికి తోసేయడం ఇంకొకటి, టెట్రాసైక్లిన్ విషయంలో ఇది ఎక్కువ. మందు వెళ్లి అతుక్కోవలసిన చోటు ఆకారం మారిపోవడం మూడోది, సిప్రోఫ్లాక్సాసిన్ జాతికి ఈ దెబ్బ తగులుతుంది.

ఊదకు లేని శక్తి ఒకటి బ్యాక్టీరియాకు ఉంది. తట్టుకునే జన్యువులు చాలాసార్లు ప్లాస్మిడ్ అనే గుండ్రటి డీఎన్‌ఏ తునక మీద ఉంటాయి. ఆ తునక నకలు ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి, అదీ వేరే జాతి దానికి కూడా, నేరుగా వెళ్తుంది. కోడి పేగులోని ఈ-కోలై మనిషి పేగులో స్థిరపడకుండా రెండు రోజుల్లో పోవచ్చు. పోయేలోపు తన ప్లాస్మిడ్‌ను అక్కడుండే క్లెబ్సియెల్లా అనే వేరే జాతి బ్యాక్టీరియాకు అందిస్తే చాలు, కోడి షెడ్డులో పుట్టిన గుణం మనిషిలో మిగిలిపోతుంది. చైనాలో 2015లో బయటపడిన ఎంసీఆర్-1 జన్యువు ప్రపంచాన్ని అంతగా కలవరపెట్టడానికి కారణం అదే. అప్పటిదాకా కొలిస్టిన్‌ను తట్టుకునే గుణం ఒక బ్యాక్టీరియా నుంచి దాని సంతానానికి మాత్రమే పోతుందనుకున్నారు. పందుల్లో దొరికిన ఆ జన్యువు ప్లాస్మిడ్ మీద ఉంది. ఇంటెన్సివ్ కేర్‌లో వేరే ఏ మందూ పనిచేయనప్పుడు వాడే కొలిస్టిన్, పశువుల మేతలో బరువు పెరగడానికి వాడిన మందు కూడా.

షెడ్డులో మందు ఇచ్చే పద్ధతి, తట్టుకునేవే మిగిలే ఈ ఎంపికకు ఇంకా తోడ్పడుతుంది. పది వేల కోళ్లకు ఒక్కొక్కదానికి సూది వేయడం అయ్యే పని కాదు కాబట్టి మందును నీళ్ల ట్యాంకులో కలుపుతారు. జబ్బుపడిన కోడి మేతా నీళ్లూ తగ్గించేస్తుంది. అంటే ఎక్కువ మందు అవసరమైనదానికి తక్కువ అందుతుంది, అవసరమే లేని కోళ్లకు నిండా అందుతుంది. బ్యాక్టీరియాను చంపలేనంత తక్కువ, తట్టుకునేవాటిని ఏరిపెట్టడానికి సరిపడేంత మోతాదు: మొండితనం పెరగడానికి ఇంతకంటే అనువైన ఏర్పాటు ఉండదు.

1976 నాటి సాక్ష్యం

పశువుల నుంచి పనివాళ్లకు ఈ బ్యాక్టీరియా చేరుతుందా అన్న ప్రశ్నకు తొలి గట్టి జవాబు అమెరికాలో బోస్టన్ దగ్గర ఒక ఫారం నుంచి వచ్చింది. డాక్టర్ స్టువర్ట్ లెవీ బృందం అక్కడ సుమారు 300 కోడిపిల్లలతో ప్రయోగం చేసి, ఫలితాలను 1976లో ప్రచురించింది. కొన్ని కోళ్లకు టెట్రాసైక్లిన్ జాతి మందు కలిపిన దాణా పెట్టారు, కొన్నింటికి మామూలు దాణా. వారం తిరక్కుండానే మందు దాణా తిన్న కోళ్ల పేగులో బ్యాక్టీరియా దాదాపు మొత్తం టెట్రాసైక్లిన్‌కు లొంగనిదిగా మారిపోయింది. ఐదారు నెలలయ్యేసరికి ఆ ఫారంలో ఉంటున్నవారి మల నమూనాల్లో 31.3 శాతం అలాంటివే వచ్చాయి: వాటిలోని బ్యాక్టీరియాలో 80 శాతానికి పైగా ఆ మందును తట్టుకునేదే. ఫారంతో సంబంధం లేని ఇరుగుపొరుగువారిలో ఆ సంఖ్య 6.8 శాతం.

ఇందులో గమనించాల్సినవి రెండున్నాయి. ఆ మనుషులెవరూ ఆ మందు మింగలేదు, పశువులతో ఒకే చోట బతికారు, అంతే. ఇంకోటి, మందు దాణా ఆపేసిన ఆరు నెలలకు పది మందిలో ఎనిమిది మందిలో ఆ బ్యాక్టీరియా జాడ కనిపించలేదు. ఎక్కిన దారిలోనే దిగిపోవడమూ జరిగిందన్నమాట. ఆ రెండో ఫలితానికి దక్కాల్సిన ప్రచారం దక్కలేదు.

డెల్టాలో దారులు

అనపర్తి, తణుకు చుట్టుపక్కల గుడ్ల కోళ్ల ఫారాలు దశాబ్దాలుగా విస్తరించాయి. ఇక్కడి గుడ్డు ఒడిశా, బెంగాల్ దాటి ఈశాన్య రాష్ట్రాలదాకా పోతుంది. అదే నేల మీద గేదెల పాడి ఉంది. భీమవరం, ఉండి, ఆకివీడు, కైకలూరు వైపు చేపల, రొయ్యల చెరువులు ఉన్నాయి. వీటన్నిటి మధ్యా ధవళేశ్వరం ఆనకట్ట నుంచి దిగే కాలువలు, వాటి నీళ్లను సముద్రంలోకి మోసే డ్రెయిన్లు. విదేశాల్లో కోళ్ల ఫారం ఒక చోట, పందుల ఫారం ఒక చోట, మనుషుల ఊరు ఇంకో చోట ఉంటాయి. ఇక్కడ అవన్నీ ఒకే గట్టుకు అటూ ఇటూ ఉంటాయి. అందువల్ల యూరప్ అనుభవాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడికి తెచ్చి పెట్టుకోవడం కుదరదు.

షెడ్డులో పని దగ్గర నుంచి చూడాలి. గుడ్ల కోళ్లు ఎత్తయిన బోనుల్లో ఉంటాయి, రెట్ట కింద పడి నెలల తరబడి గుట్టగా పేరుకుంటుంది. మాంసం కోళ్లు ఊక పరిచిన నేల మీద పెరుగుతాయి, బ్యాచ్ అయిపోయాక ఆ ఊకా రెట్టా కలిసిన ఎరువును ఎత్తేస్తారు. ఎత్తే రోజు షెడ్డంతా దుమ్ము. పారతో గంపలోకి, గంపతో ట్రాక్టరులోకి. చాలామందికి ముక్కుకు కట్టుకున్న తువ్వాలే రక్షణ. ఆ దుమ్ములో ఎండిన రెట్ట ఉంటుంది, దానిలో బతికున్న బ్యాక్టీరియా ఉంటుంది, అది గొంతులోకి వెళ్లి మింగుడుపడుతుంది. చచ్చిన కోళ్లను ఏరేదీ, నీళ్ల గొట్టాలు శుభ్రం చేసేదీ, మందు పొడి కలిపేదీ వట్టి చేతులే. కొన్నిచోట్ల ఒడిశా, బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలు ఫారం ఆవరణలోనే గదుల్లో ఉంటాయి. పిల్లలు ఆ నేల మీదే ఆడతారు. కాబట్టి పనిగంటలు అయిపోయినంత మాత్రాన సంబంధం తెగదు.

పంజాబ్‌లో 18 కోళ్ల ఫారాల మీద జరిగి 2017లో వెలువడిన ఒక అధ్యయనం ఇక్కడ పోలికకు పనికొస్తుంది. సెఫలోస్పోరిన్ మందులను ముక్కలు చేసే ఎంజైమున్న ఈ-కోలై మాంసం కోళ్ల నుంచి తీసిన నమూనాల్లో 87 శాతం, గుడ్ల కోళ్ల నుంచి తీసినవాటిలో 42 శాతం కనిపించింది. ఆరు వారాల్లో బరువెక్కాల్సిన కోడికి మందు వాడకం ఎక్కువన్నది అర్థమవుతూనే ఉంది. గుడ్ల కోళ్లలో తక్కువే అయినా 42 శాతం చిన్న సంఖ్య కాదు.

గేదెల పాకలో దారి వేరు. అక్కడ బరువు కోసం మందు పెట్టరు, జబ్బుకే పెడతారు, ముఖ్యంగా పొదుగువాపుకు. పాలు విరిగినట్టు రావడం, చన్ను గట్టిపడటం కనిపించగానే ట్యూబు మందు చన్ను రంధ్రంలోకి ఎక్కిస్తారు లేదా సూది వేయిస్తారు. ఆ సూదుల్లో సెఫ్ట్రయాక్సోన్ లాంటివీ ఉంటాయి. మనుషులకు టైఫాయిడ్‌కూ నిమోనియాకూ ఆసుపత్రిలో వాడేదీ అదే. రెండు పూటలకు పాలు కాస్త తెల్లబడగానే చికిత్స ఆగిపోతుంది. వాపున్న చన్ను పితికిన చేత్తోనే పక్క గేదె దగ్గర కూర్చుంటారు. పొదుగువాపు తెచ్చే స్టాఫిలోకాకస్ బ్యాక్టీరియా ఒక పొదుగు నుంచి ఇంకో పొదుగుకూ, పొదుగు నుంచి వేలి మీది పగుళ్లకూ ఎక్కేది ఆ క్షణంలోనే. పాలు కాచుకుంటారు కాబట్టి తాగేవారు బయటపడతారు. పితికేవారికి ఆ రక్షణ లేదు. పేడ ఎత్తేవారికి, పిడకలు చరిచేవారికి కూడా లేదు. ఈ పనుల్లో ఎక్కువమంది ఆడవాళ్లే.

ఇక నీళ్లు. కోళ్ల ఎరువు డెల్టాలో పడేసే చెత్త కాదు, ధర పలికే సరుకు. కొబ్బరి తోటలకూ అరటి తోటలకూ పోతుంది, చేపల చెరువుల్లో పాచి పెరగడానికి చల్లుతారు. కొన్ని చెరువుల్లో నిషేధం ఉన్నా కోళ్ల వ్యర్థాలను నేరుగా చేపలకు మేతగా వేస్తున్నారు. అలా షెడ్డులోని బ్యాక్టీరియా, దానితో పాటు కోడి ఒంట్లోంచి బయటపడిన మందు, రెండూ చెరువులోకి దిగుతాయి. పట్టుబడి రోజు చెరువు నీరు డ్రెయిన్లోకి వదులుతారు, కింద ఇంకో చెరువు అదే డ్రెయిన్ నుంచి నీరు తోడుకుంటుంది. వల లాగేవారు నడుం లోతు నీటిలో గంటల తరబడి ఉంటారు, చేప ముల్లు, రొయ్య కొమ్ము గుచ్చుకున్న గాయాలు వారికి మామూలే.

ఎరువును కుప్ప పోసి మాగబెడితే ఈ గొలుసు చాలావరకు తెగుతుంది. కుప్ప లోపల 55 డిగ్రీలకు మించి వేడి పుట్టి కొన్ని రోజులు నిలిస్తే వ్యాధికారక బ్యాక్టీరియాలో అధికభాగం చనిపోతుంది. జన్యు తునకలు పూర్తిగా పోవు గానీ తగ్గుతాయి. షెడ్డు నుంచి లారీలో నేరుగా చెరువు గట్టుకు చేరే ఎరువుకు ఆ అవకాశమే ఉండదు.

వరదలు వచ్చినప్పుడు ఉన్న కాస్త దూరం కూడా పోతుంది. 2022 జూలైలో గోదావరి ఉప్పొంగినప్పుడు కోనసీమ లంక గ్రామాల వాళ్లు పశువులను తోలుకొని ఏటిగట్ల మీదకు చేరారు. ఒకే టార్పాలిన్ కింద మనిషి, పశువు, తాగే నీళ్ల బిందె. ఈ బ్యాక్టీరియాకు వరద కారణమని అనలేం, దాని దారుల మధ్య ఉన్న గట్లను మాత్రం వరద తెంపేస్తుంది.

తిరుగు దారీ ఉంది

ఇంతదాకా చెప్పింది పశువు నుంచి మనిషికి. ఇది ఒకవైపు రాకపోకే అనుకుంటే తప్పు. నెదర్లాండ్స్‌లో 2000ల మధ్యలో పందుల పెంపకందార్లలో మెతిసిలిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని స్టాఫిలోకాకస్ రకం ఒకటి, సీసీ398 అనేది, బయటపడింది. పందుల నుంచి వచ్చిందనే అందరూ చెప్పుకున్నారు. 2012లో దాని జన్యుపటాలను పోల్చి చూసినవారు తేల్చిందేమిటంటే, దాని పూర్వీకులు మనుషుల్లోనివి. మందుకు లొంగే రూపంలో మనిషి నుంచి పశువులోకి వెళ్లింది, పశువులో ఉండగా టెట్రాసైక్లిన్‌ను, మెతిసిలిన్‌ను తట్టుకునే గుణాలు సంపాదించింది, ఆ తర్వాత మళ్లీ మనుషుల్లోకి వచ్చింది.

డెల్టా కూలీకి దీనితో సంబంధం ఉంది. జ్వరం వచ్చినా దగ్గొచ్చినా మందుల షాపులో రెండు రోజుల మాత్రలు తెచ్చుకునేవారి ఒంట్లోనూ తట్టుకునేవే మిగిలే ఇదే ఎంపిక జరుగుతోంది. అలా మిగిలిన బ్యాక్టీరియా వారితో షెడ్డులోకి వెళ్తే కోళ్లకు చేరుతుంది. అందుకే ఒడిశా నుంచో బెంగాల్ నుంచో వచ్చినవారు రోగాలు మోసుకొస్తున్నారనే మాట అన్యాయమే కాదు, శాస్త్రం ప్రకారం కూడా అర్థంలేనిది. బ్యాక్టీరియా రెండు వైపులా నడుస్తుంది, కూలీ నిలబడి ఉన్నది ఆ దారి మధ్యలో.

పశువుల వాటా ఎంత

ఈ విషయంలో అతిశయోక్తి మేలు చేయదు. 2019లో ప్రపంచవ్యాప్తంగా మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా సంభవించిన మరణాలు 12.7 లక్షలని లాన్సెట్ పత్రికలో వచ్చిన అంచనా. వాటన్నిటినీ కోళ్ల ఫారాల లెక్కలో రాయకూడదు. ఆసుపత్రుల్లో, మందుల షాపుల్లో మనుషులు వాడే యాంటీబయాటిక్‌లే మనుషుల్లోని మొండితనానికి ప్రధాన కారణం. ఇంగ్లండ్‌లో మనుషుల నుంచీ పశువుల నుంచీ తీసిన ఈ-కోలై జన్యువులను పోల్చిన 2019 నాటి అధ్యయనంలో రెండింటి మధ్య పంపకం చాలా తక్కువని తేలింది.

అయితే ఆ ఇంగ్లండ్ ఫలితాన్ని ఇక్కడికి తెచ్చేముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. మరుగుదొడ్డి నీరు, పశువుల కడుగునీరు, తాగునీరు వేరు వేరు గొట్టాల్లో పోయే దేశంలో పంపకం తక్కువగా ఉండటం సహజం. కాలువలోనే గేదెలు ఈదే, అదే కాలువ నీటితో వేసవికి ముందు ఊరి మంచినీటి చెరువు నింపుకునే ప్రాంతంలోనూ అంతే తక్కువ ఉంటుందని అనుకోవడానికి ఆధారం లేదు. జనాభా మొత్తంలో పశువుల వాటా చిన్నదే అయినా, బోస్టన్ ఫారంలో చూసినట్టు, పశువులతో బతికేవారిలో అది పెద్దది. సగటు లెక్క ఈ కొద్దిమందిని కనపడకుండా చేస్తుంది.

పేగులో మొండి బ్యాక్టీరియా ఉండటం జబ్బు కాదు, అదీ చెప్పుకోవాలి. ఏళ్ల తరబడి ఏ బాధా లేకుండా ఉండొచ్చు. ఇబ్బంది మొదలయ్యేది అది చోటు మారినప్పుడు: మూత్రనాళంలోకి ఎక్కినప్పుడు, కాన్పు సమయంలో, ఆపరేషన్ గాయంలో, షుగరున్నవారి కాలిపుండులో. మూత్రంలో మంటకు అతి సాధారణ కారణం ఈ-కోలైయే. మామూలుగా మూడు నుంచి ఐదు రోజుల మాత్రలతో పోయే ఆ జబ్బు, మాత్రలకు లొంగకపోతే సూదుల దాకా, ఆసుపత్రి మంచం దాకా వెళ్తుంది. రోజుకూలీ మీద బతికే ఇంటికి ఆ తేడా అప్పు అవుతుంది.

రొయ్యకున్న కాపలా కోడికి లేదు

డెల్టాలోనే ఒక పోలిక కళ్లెదుట ఉంది. ఎగుమతి రొయ్యలో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అనే యాంటీబయాటిక్‌ల జాడ కనిపిస్తే కంటైనరు వెనక్కి వస్తుంది. యూరోపియన్ యూనియన్ 2016లో భారత్ నుంచి వచ్చే ఆక్వా సరుకులో పరీక్షించే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. దాంతో ఎగుమతిదారు రైతును అడగడం, పట్టుబడికి ముందు నమూనాలు పంపడం మామూలైంది. రొయ్యల రైతు ప్రోబయాటిక్‌ల వైపు మళ్లడానికి ఒక కారణం ఈ ఒత్తిడే. రొయ్యలకు వచ్చే తెల్లమచ్చ జబ్బు వైరస్ వల్ల కలిగేది, ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి వైరసూ కాదు బ్యాక్టీరియా కూడా కాదు, రెండింటి మీదా యాంటీబయాటిక్ ఎలాగూ పనిచేయదన్నది ఇంకో కారణం.

స్థానికంగా అమ్ముడయ్యే కోడికి, గుడ్డుకు, పాలకు, చేపకు ఇలాంటి ద్వారం లేదు. కొనేవారు అడగరు, అడిగినా చూపించే కాగితం ఉండదు. పైగా రొయ్య కాపలా కూడా విదేశీ వినియోగదారుడి కోసం పెట్టిందే. అది సరుకులో మిగిలిన మందును చూస్తుంది, చెరువులో దిగిన కూలీ ఒంట్లో ఏముందో చూడదు.

చట్టం ఎక్కడిదాకా వచ్చింది

కేంద్ర ఆరోగ్య శాఖ 2019 జూలైలో ఆహారం కోసం పెంచే పశువులకు, కోళ్లకు, ఆక్వాకు, దాణాకు కొలిస్టిన్ తయారీ, అమ్మకం, పంపిణీ నిషేధించింది. మనుషులకు ఆఖరి అస్త్రంగా మిగిలిన మందును కాపాడటానికి తీసుకున్న సరైన చర్య అది. అంతకు ముందు, 2014 మార్చి నుంచి అమల్లోకి వచ్చిన, ఔషధ నిబంధనల్లోని హెచ్1 షెడ్యూలు కొన్ని యాంటీబయాటిక్‌లకు డాక్టరు చీటీ, దుకాణంలో రిజిస్టరు తప్పనిసరి చేసింది. క్షేత్రంలో చూస్తే పశువుల మందుల షాపులో కౌంటరు మీద సలహా, అమ్మకం రెండూ ఒకరే చేస్తున్నారు. పశువుల డాక్టరు ఒక్కరే ఎన్నో ఊళ్లు చూడాల్సిన చోట చీటీ కోసం ఆగమనడం రైతుకు కష్టంగా తోచడంలో ఆశ్చర్యం లేదు.

ఒక మందును మాత్రమే ఆపితే ఏమవుతుందో డెన్మార్క్ చూపించింది. మనుషులకు ఆసుపత్రుల్లో వాడే వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కు తోబుట్టువైన అవోపార్సిన్‌ను 1995లో అక్కడ దాణా నుంచి తీసేశారు. మాంసం కోళ్లలో వాంకోమైసిన్‌కు లొంగని ఎంటెరోకాకస్ అనే పేగు బ్యాక్టీరియా 70 శాతానికి పైబడి ఉన్నది 2000 నాటికి 10 శాతం లోపుకు దిగింది. పందుల్లో మాత్రం దిగలేదు. వెతికితే తేలింది: ఆ జన్యువు, టైలోసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్‌ను తట్టుకునే జన్యువు ఒకే ప్లాస్మిడ్ మీద ఉన్నాయి, పందులకు టైలోసిన్ ఇంకా పెడుతున్నారు. టైలోసిన్ ఆపాకే అక్కడా తగ్గింది. కొలిస్టిన్ ఒక్కదాన్ని ఆపి దాణాలో మిగతా మందులను వదిలేస్తే ఫలితం పూర్తిగా రాకపోవచ్చని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అక్కర్లేదు.

మందు తగ్గిస్తే పెంపకం దెబ్బతింటుందా

రైతుల అసలు భయం ఇది, న్యాయమైనదే. నెదర్లాండ్స్ 2009 తర్వాత పదేళ్లలో పశువుల యాంటీబయాటిక్ అమ్మకాలను సుమారు 70 శాతం తగ్గించింది, మాంసం ఎగుమతి చేసే దేశంగానే మిగిలింది. నార్వే సాల్మన్ చేపల పెంపకంలో 1987లో సుమారు 50 టన్నుల యాంటీబయాటిక్ వాడేది. టీకాలు వచ్చాక చేపల దిగుబడి ఎన్నో రెట్లు పెరిగినా మందు వాడకం అందులో అతి చిన్న వంతుకు పడిపోయింది. డెల్టా చేపలకు ఆ బాట కొంత నడవదగినదే. రొయ్యకు కాదు, ఎందుకంటే టీకాను గుర్తుపెట్టుకునే రోగనిరోధక వ్యవస్థ రొయ్యలో లేదు. అక్కడ సీడ్ నాణ్యత, చెరువులో పిల్లల సాంద్రత, నీటి యాజమాన్యమే దిక్కు.

మాంసం కోళ్లలో నిర్ణయం చాలావరకు రైతు చేతిలో లేదు. కాంట్రాక్టు పద్ధతిలో పిల్లా, దాణా, మందూ కంపెనీవే. షెడ్డు, కరెంటు, చాకిరీ రైతువి. దాణాలో ఏముందో బస్తా మీద చదివి తెలుసుకునే వీలు లేనప్పుడు రైతుకు అవగాహన సదస్సులు పెట్టి లాభం లేదు. ఆ దారి మూయగలిగింది దాణా కలిపే చోట. గుడ్ల కోళ్లలో, పాడిలో మాత్రం యజమాని చేతిలో చాలా ఉంది: కొక్కెర తెగులు టీకాలు వేళకు వేయించడం, షెడ్డులో గాలి ఆడేలా చూడడం, వాపున్న గేదెను చివర పితకడం, మందు మొదలుపెడితే చెప్పినన్ని రోజులూ వాడటం.

కూలీ రక్షణకు అయ్యే ఖర్చు వీటన్నిటికంటే తక్కువ. రబ్బరు చేతితొడుగులు, మూసిన బూట్లు, ఎరువెత్తే రోజు సరైన మాస్కు, షెడ్డు గుమ్మం దగ్గర సబ్బు, నీళ్ల కుళాయి, ఇంటికి పోయేముందు మార్చుకునే బట్టలు. ఎరువు ఎత్తేముందు కాస్త నీళ్లు చిలకరిస్తే దుమ్ము సగం అణుగుతుంది. మందు కొనే డబ్బులో చిన్న వాటా చాలు. ఇన్నాళ్లూ ఇవి లేకపోవడానికి కారణం ధర కాదు. కూలీ ఒంట్లోకి ఏం పోతోందన్నది ఎవరి ఖాతాలోనూ నష్టంగా పడకపోవడమే కారణం.

ఆసుపత్రిలో అడగాల్సిన ప్రశ్న

నెదర్లాండ్స్ ఆసుపత్రుల్లో చేరే రోగిని పందులతోనో, మాంసం కోళ్లతోనో, దూడలతోనో పనిచేస్తారా అని అడుగుతారు. అవునంటే విడిగదిలో ఉంచి ముక్కు, గొంతు నుంచి నమూనా తీస్తారు. ఫలితం వచ్చేదాకా మిగతా రోగులకు సోకకుండా చూస్తారు, ఏ మందు మొదలుపెట్టాలో కూడా ఆ జవాబును బట్టి ఆలోచిస్తారు. సీసీ398 బయటపడ్డాక పెట్టుకున్న పద్ధతి ఇది.

తణుకులోనో అమలాపురంలోనో మూత్రంలో మంటతో వచ్చినామె వృత్తి గడిలో ‘కూలీ’ అని రాస్తే డాక్టరుకు ఏమీ తెలియదు. ‘కోళ్ల షెడ్డులో ఎరువెత్తే పని’ అని రాస్తే, మామూలు మాత్రలు పనిచేయకపోవచ్చని అనుమానించి, మొదటి రోజే మూత్రం కల్చర్ పరీక్షకు పంపే అవకాశం ఉంటుంది. ఏ బ్యాక్టీరియా, ఏ మందుకు లొంగుతుంది అన్నది ఆ పరీక్ష రెండు మూడు రోజుల్లో చెబుతుంది. అలాంటి ఫలితాలు వృత్తితో సహా జిల్లాల్లో పోగుపడితే, డెల్టాలో ఏ మందు ఏ పనివారిలో ఓడిపోతోందో మొదటిసారి లెక్కగా కనిపిస్తుంది. పశుసంవర్ధక శాఖ షెడ్ల నుంచి తీసే నమూనాలను ఆ లెక్క పక్కన పెట్టి చూస్తే, ఏ ఎరువు కుప్ప దగ్గర, ఏ దాణా మిల్లు దగ్గర మొదలుపెట్టాలో తేలుతుంది.